పెట్టెల శివయ్య, ఎనిమిది గాజు పలకలు

రెండు గాజు పలకలను అంటించి, మధ్యలో వెంట్రుక మందంలో సగం కూడా లేని సందు వదిలితే, ఆ సందులో జరిగిన తప్పును ఒక మనిషి ఉత్త కంటితో ఎట్లా కనిపెట్టాడు? నలభై ఏళ్ళు కాలేజీ గ్రంథాలయంలో పుస్తకాల మధ్య గడిపినదాన్ని. దొరికినవి చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. ప్రొఫెసర్ బాబురావు గారు "అదృష్టం అనుకోండి మేడం" అన్నారు. శివయ్యనే అడిగితే "పెట్టె మూసినట్టు లేదక్కా, గంతే" అన్నాడు. రెండు జవాబులూ నాకు సరిపోలేదు. ఆ సంగతి అట్లా ఉండగానే, ఆ మనిషి గురించి తెలిసినంతవరకు రాసిపెడదామని కూచున్నాను.

శివయ్య నగల పెట్టెలు చేస్తాడు. పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణాల వెనక ఒక సందు ఉంది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాలి. ఆ సందులో, ఒక పాత ఇంటి మెట్ల కింద, ఆయన కార్ఖానా. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన పనంతా కూచునే. అరవై రెండేళ్ళు. బనీను మీద ఎర్రటి, నీలపు నూగు ఎప్పుడూ అంటుకుని ఉంటుంది. పక్కన ఆయన భార్య ఆగమ్మ అట్టలకు జిగురు రాస్తూ ఉంటుంది. చెక్క కోయడం, మూత బిగించడం, లోపల మఖ్‌మల్ పరచడం ఆయన పని.

ఆయన తండ్రి బట్టల దుకాణాలకు మూటలు మోసేవాడు. శివయ్య ఏడో తరగతితో చదువు ఆపి ఒక ఉస్తాద్ దగ్గర కుదిరాడు. ఆ ఉస్తాద్ మొదటి ఏడాదంతా కత్తి ముట్టనివ్వలేదట. మఖ్‌మల్ తానులు ముందు పరిచి, కళ్ళు మూసుకుని నిమరమనేవాడట. "రుఖ్ చెప్పు" అనేవాడట. మఖ్‌మల్ మీది నూగు ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ వాలునే వాళ్ళు రుఖ్ అంటారు. వాలు వెంట నిమిరితే చెయ్యి జారిపోతుంది. ఎదురు నిమిరితే నూగు లేచి రంగు నల్లబడుతుంది.

రుఖ్ చూడకుండా చేసిన పెట్టె ఎట్లా ఉంటుందో ఒకసారి నాకు తెరిచి చూపించాడు. అడుగు ముదురు ఎరుపు, మూత లేత ఎరుపు. గుడ్డ మాత్రం ఒకటే తాను.

"గిసువంటి పెట్టెల సేటు ముత్యాల దండ పెట్టి చూపిచ్చిండనుకో అక్కా, కొనేటోళ్ళ కండ్లు ముత్యాల మీద నిలవయి. మూత దిక్కు పోతయి. ఏందో ఖరాబున్నదని మనసుల పడ్తది."

ఆయన అట్లా చేయడు. పెట్టెను తెరిచి బల్ల మీద పరుస్తాడు. అడుగులోనూ మూతలోనూ నూగు ఒకే దిక్కుకు, మడతబందుల మీదుగా అవతలికి పోయేటట్టు అంటిస్తాడు. అట్లా అంటిస్తే, మూత మూసినప్పుడు రెండు నూగులూ ఎదురు దిక్కులకు పడుకుంటాయి. "ఒక్క మంచంల ఇద్దరు అన్నదమ్ములు పండుకున్నట్టు. ఒకని తలకాయ ఇటు, ఒకని తలకాయ అటు," అంటాడు.

ఉస్తాద్ నేర్పిన ఆఖరి పని ఇంకొకటి ఉంది. పెట్టె పూర్తయ్యాక ఒక మూలన, రుఖ్‌కు ఎదురుగా, వేలితో ఒక్కసారి నిమరాలి. నూగు లేచి నల్లటి గీత పడితే పని బాగున్నట్టు. లేవకపోతే కింది జిగురును గుడ్డ పీల్చుకుందని అర్థం. దానికి ఎదురుచెయ్యి అని పేరు. ఎదురుచెయ్యి పడకుండా ఆయన దగ్గరినుంచి ఏ పెట్టే ఆగమ్మ చేతికి పోదు. చాయ్ తాగుతున్నా, నాతో మాట్లాడుతున్నా, ఆ వేలు తన పని తాను చేసుకునేది. ఆయన దాన్ని చూసేవాడు కూడా కాదు.

నేను ఆయన దగ్గరికి పోవలసి రావడానికి కారణం పూజిత. జనగామ పక్కనుంచి వచ్చిన పిల్ల, మలక్‌పేటలో మా మేడమీది గదిలో అద్దెకు ఉండేది. యూనివర్సిటీలో బాబురావు గారి కింద పరిశోధన చేస్తోంది. ఆ పిల్లకు ఒక కోపం ఉంది. ఆ కోపంలోంచే తన పరిశోధన పుట్టిందని నాకు అనిపిస్తుంది.

"మార్కెట్ల పిడికెడు వడ్లు మిషన్ల పోస్తరు అమ్మమ్మా. తేమ ఎక్కువ చూపిచ్చిందంటే కుప్ప మొత్తం మళ్ళ ఎండబొయ్యమంటరు. మా బాపు మూడు దినాలు రోడ్డు మీద ఎండబోసిండు. తడిసింది ఒక్క మూలనే. గా మూల ఏదో కండ్లకు కనవడదు. కెమెరాకు కనవడాలె."

పరారుణ కాంతి మన కంటికి అందదు. అందులోనూ రంగులు ఉన్నాయి. వాటిలో కొన్నిటిని నీళ్ళు మింగేస్తాయి. పరిచిన వడ్లను సరిగ్గా ఆ రంగులో చూస్తే తడి ఉన్న చోటు నల్లగా కనపడుతుంది. అందుకు కెమెరా ముందు ఒక జల్లెడ కావాలి. ఒక రంగును పోనిచ్చి మిగతావాటిని ఆపే జల్లెడ. ఏ రంగు పోవాలో మనం బొత్తాం తిప్పి మార్చుకోగలగాలి. పూజిత చేస్తున్నది ఆ జల్లెడే. వాళ్ళు దాన్ని ఫిల్టర్ అంటారు.

దాని లోపలి సంగతి నాకు అర్థమైనంతలో ఇది. లిక్విడ్ క్రిస్టల్ అని ఒక పదార్థం ఉంటుంది. చూడడానికి నూనెలాగే పారుతుంది. దాని కణాలు మాత్రం సన్నటి పుల్లల్లా ఒకే వరసలో పడుకుంటాయి. రెండు గాజుల మధ్య దాన్ని నింపి కొద్దిగా కరెంటు ఇస్తే ఆ పుల్లలు పడక మీదినుంచి లేస్తాయి. ఎంత లేస్తే అంత, దాటిపోయే రంగు మారుతుంది. అట్లాంటి గాజు జతలు నాలుగు కావాలి. ఒకదాని సందుకు రెట్టింపు మందం ఇంకొకదాని సందు. నాలుగూ వరసగా నిలబెడితే ఫిల్టర్.

పుల్లలు వరసలో పడుకోవాలంటే వాటికి దారి చూపించాలి కదా. గాజు మీద పల్చటి పూత పూసి, కాల్చి, దాన్ని మఖ్‌మల్‌తో ఒకే దిక్కుకు రుద్దుతారు. ఆ మాట విని నేను చదువుతున్న పుస్తకం మూసేశాను.

"అంత పెద్ద ల్యాబుల మఖ్‌మల్ గుడ్డనా?"

"టీవీ తెరలకు గూడ గిట్లనే రుద్దుతరు అమ్మమ్మా. మాకు బయటినుంచి తెప్పిచ్చిన గుడ్డ అయిపోయింది. ఇక్కడ కొన్నది రుద్దుతుంటే చిటచిట మంటున్నది, ఉన్న దుమ్మంతా గుంజుకుంటున్నది."

అట్లా ఆ పిల్లను వెంటపెట్టుకుని పత్తర్‌గట్టికి పోయాను. రెండు దుకాణాలు తిరిగాక ఒక దుకాణదారు మా అవస్థ చూసి నవ్వాడు. "ఆపా, కప్డా మై దేతూఁ. మగర్ మఖ్‌మల్ కీ బాత్ శివయ్య సే పూఛో" అని, గుడ్డ తనిస్తాడు గానీ మఖ్‌మల్ సంగతి అడగవలసింది శివయ్యనేనంటూ, సందు వైపు చెయ్యి చూపించాడు.

శివయ్య పూజిత చెప్పినదంతా విన్నాడు.

"మఖ్‌మల్ తోటి గాజు తుడుస్తవా బిడ్డా? పాత బనీను చాలదా?"

"తుడుసుడు కాదు కాకా, రుద్దుడు. ఒకటే దిక్కుకు."

ఆయన చేతిలోని పని ఆగింది. "ఒకటే దిక్కుకా?"

"అవును. అటు పోవాలె, ఇటు రావొద్దు."

ఆయన ఆగమ్మ వైపు చూశాడు. "ఇన్నవా? ఈ పిల్ల గాజుకు రుఖ్ పెడ్తదట."

"నీకంటె నయం. నువ్వు గుడ్డకు పెడ్తవు," అంది ఆగమ్మ, జిగురు కుంచె ఎత్తకుండానే.

పూజిత సంచిలోంచి తన గాజు జత ఒకటి తీసి చూపించింది. మూడు నెలలుగా ఒక్కటి కూడా సరిగ్గా రాలేదని, లోపల పొగలాగా కమ్ముతోందని చెప్పింది. శివయ్య దాన్ని అంచులు పట్టుకుని తీసుకున్నాడు. సందు పైనున్న ఆకాశం ముక్క వైపు వంచాడు. ఇటు వంచాడు, అటు వంచాడు. మొదట్లో నేను అడిగిన ప్రశ్న ఆ తరువాత ఆయన అన్న మాట గురించే.

"దీని మూత తిరగబడ్డది బిడ్డా."

"లేదు కాకా. నేను గుర్తు పెట్టుకున్న. రెండు పలకలు ఒక్కతీరు రుద్ది, ఒకటి తిరగేసి మీద పెట్టిన."

"ఎట్ల తిరగేసినవ్? పుస్తకం మూసినట్టా, రొట్టె తిరగేసినట్టా?"

పూజిత చేతులు గాలిలోనే పలకను ఒకసారి తిరగేశాయి. మళ్ళీ ఇంకో రకంగా తిరగేశాయి. ముఖం మారిపోయింది. మరునాడు ల్యాబులో చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం. పలకలను నిలువుగా రుద్ది, పుస్తకం మూసినట్టు అడ్డంగా మూస్తోంది. తలలు ఎదురెదురు దిక్కులకు ఉండవలసిన పుల్లలు రెండు పక్కలా ఒకే దిక్కుకు పడుకుని, మధ్యలో ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. పొగ అదే.

ఆ ఒక్క మాటతో పూజితకు ఆయన మీద గురి కుదిరింది. అప్పటికి ఆ పిల్లకు సమయమూ లేదు. పద్దెనిమిదో తేదీన ఢిల్లీనుంచి కమిటీ వస్తోంది. ఆరోజుకు పనిచేసే ఫిల్టర్ చూపించలేకపోతే ప్రాజెక్టు అక్కడితో మూసేస్తారు. మూడేళ్ళ పని వదిలేసి పూజిత కొత్త విషయం వెతుక్కోవాలి. పరారుణానికి పనికొచ్చే పూత ఉన్న గాజు పలకలు ఇక పదహారే మిగిలాయి. బయటినుంచి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. ఫిల్టరుకు ఎనిమిది కావాలి. అంటే రెండుసార్లు చేసి చూడడానికి సరిపోతాయి.

"నువ్వు రుద్దే చెయ్యి సమంగ లేదు బిడ్డా. మొదట ఒత్తుతున్నవ్, చివరకు వదులుతున్నవ్," అన్నాడు శివయ్య, ఒక మామూలు గాజు ముక్క మీద ఆమెతో రుద్దించి చూసి. "నేనే వస్త. నాలుగు దినాలు పెట్టెలు ఆగుతే లోకం మునుగది."

బాబురావు గారు మంచివారే. ఆయనకు మాత్రం ధైర్యం చాలలేదు. "మేడం, క్లీన్‌రూమ్ అంటే ప్రోటోకాల్ ఉంటుంది. ఆయనకు అలవాటు లేదు. ఒక్క పలక పోయినా మనకు రీప్లేస్‌మెంట్ లేదు," అన్నారు నాతో. పక్కనే ఉన్న శివయ్యే జవాబు చెప్పాడు. "సార్, మీరు ఫికర్ చెయ్యకున్రి. పలక నా చేతుల పడ్డంక పోదు."

దుమ్ము పడకూడని గది కాబట్టి తెల్ల గౌను తొడిగి, తలకు టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టారు. "పెండ్లికొడుకును చేసిన్రు," అన్నాడు లోపలికి పోతూ. ఆ గదికి ఒక పక్క గాజు గోడ ఉంది. బయట కుర్చీ వేసుకుని నేను చూస్తూ కూచున్నాను. ఆయన తన గుడ్డ తానే తెచ్చుకున్నాడు. చిటచిటలాడని నూలు మఖ్‌మల్. ఒక చెక్క దిమ్మకు బిగించి తెచ్చాడు. పలక మీద పెట్టాడు, జరిపాడు, ఎత్తాడు. పెట్టాడు, జరిపాడు, ఎత్తాడు. ఒక్కో పలకకు ఇరవై సార్లు. ఆయన భుజం కదలడం తప్ప ముఖంలో ఏమీ కదలలేదు. ఎనిమిది పలకలూ రుద్దాక, ఈసారి రుద్దిన దిక్కు వెంటే, పెట్టె మూత మూసినట్టు జతలు చేశారు. పూజిత అంచులకు జిగురు పెట్టి ద్రవం నింపింది.

రెండోరోజు పొద్దున సూక్ష్మదర్శిని కింద చూశారు. పొగ లేదు. నాలుగు జతలూ నిర్మలంగా ఉన్నాయి. బాబురావు గారు చప్పట్లు కొట్టబోయారు కూడా. పూజిత కరెంటు ఇచ్చింది. పుల్లలు లేచాయి, తెర మీద రంగులు మారాయి. ఒక్క మూల మాత్రం మారలేదు. బొటనవేలంత చోటు. దాని చుట్టూ ముడత పడ్డట్టు ఒక వంకర గీత. రెండో జత చూశారు. అదే మూల. మూడోది, నాలుగోది. నాలుగింట్లోనూ అదే మూల.

"మిగతావన్నీ ఒకపక్కకు లేస్తుంటే ఇక్కడియి ఎదురు లేస్తున్నయి సార్," అంది పూజిత. "ఈ మూల మీద గుడ్డ ఎనకకు పోయింది."

"గుడ్డ ఎనకకు పోలేదు. నేను ప్రతిసారి ఎత్తిన," అన్నాడు శివయ్య.

"ఎత్తిన్రు కాకా, నేను గూడ చూసిన."

శివయ్య ఆ వంకర గీతను తెర మీద చూస్తూ నిలబడ్డాడు. ఆయన కుడిచెయ్యి బల్ల అంచు మీద ఉంది. నేను ఆయన్ని చూడడం లేదు, ఆ చేతిని చూస్తున్నాను. చూపుడువేలు బల్ల అంచు మీద వెనక్కి ఒకసారి నిమిరింది. ఆయనా చూశాడు.

"ఎదురుచెయ్యి," అన్నాడు.

ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ప్రతి పలక అయిపోయాక, దిమ్మను పక్కన పెట్టేముందు, మూలన దిమ్మతోనే ఒక చిన్న ఎదురు నిమురు. ఉస్తాద్ చెప్పిన పరీక్ష. యాభై ఏళ్ళుగా ఏ పెట్టెనూ అది లేకుండా వదలని చెయ్యి, పలకలనూ వదల్లేదు. ఆయనకు తెలియకుండానే జరిగింది. గాజు గోడకు ఇవతల కూచుని చూసిన నేనూ గమనించలేదు. అది ఆయన పనిలో భాగమని, కార్ఖానాలో కూచున్న ఆ కొద్ది రోజుల్లోనే నా కంటికి అలవాటైపోయింది.

బాబురావు గారు నెమ్మదిగా "ఫర్వాలేదండీ, మీరు చేయగలిగింది చేశారు" అన్నారు. ఆ మాటలో ఏముందో శివయ్యకు అర్థమైంది.

"సార్, ఇంక ఎనిమిది ఉన్నయి గద."

"ఉన్నాయి. అవే ఆఖరు."

"రేపు వస్త."

"మళ్ళీ అదే జరిగితే? అలవాటు కదా శివయ్య గారూ. ఒక్కరోజులో పోతుందా?"

"పోదు సార్. నా చెయ్యి నా మాట వినదు," అన్నాడు శివయ్య, తన చేతిని పక్కింటివాళ్ళ పశువును చూసినట్టు చూసుకుని. "వినే మనిషిని తోలుకొస్త."

మరునాడు ఆగమ్మను తీసుకొచ్చాడు.

యూనివర్సిటీ గేటు దగ్గరే ఆవిడ నాకు చెప్పేసింది. "చూడక్కా, నలభై ఏండ్ల సంది నేను చెప్పింది ఒక్కటి విన్నడా ఈయన? గిప్పుడు వింటడట. దీనికి ఇంత పెద్ద బిల్డింగు కట్టిన్రు."

ఆవిడకూ గౌను తొడిగారు. టోపీలోంచి కొప్పు ఇమడక పూజిత రెండు టోపీలు పెట్టింది. బాబురావు గారు క్లీన్‌రూమ్‌లో ముగ్గురిని మించి ఉండకూడదని తానే బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డారు. లోపల శివయ్య బల్లకు ఒకపక్క, ఆగమ్మ ఆయన కుడిచేతికి ఎదురుగా. కార్ఖానాలో కూచున్నట్టే. పెట్టె ఆయన చేతినుంచి ఆవిడ చేతికి పోయే చోట ఆవిడ కూచుంది.

మొదటి పలక. పెట్టాడు, జరిపాడు, ఎత్తాడు. మాటలు మాకు మైకులోంచి వినపడుతున్నాయి. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవయ్యోది ఎత్తుతుండగానే ఆగమ్మ "ఇయ్యి" అని చెయ్యి చాపింది.

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. దిమ్మ మూల పలక మూల వైపు వాలబోయింది. నేను కళ్ళారా చూశాను. బాబురావు గారు కుర్చీ వెనక భాగం పట్టుకున్నారు.

"ఇయ్యి అంటున్న గద. చూసుడు నేను చూసుకుంట," అంది ఆగమ్మ.

దిమ్మ ఆవిడ చేతిలోకి పోయింది.

ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. ఆ చెయ్యి ఎదురు నిమిరేది ఎందుకు? పని బాగుందో లేదో తేల్చుకుని పక్క మనిషికి అందించడానికి. పక్క మనిషే ముందుగా చెయ్యి చాపి, తేల్చే బాధ్యత తనదన్నాక ఆ చేతికి ఇక పని లేదు. శివయ్య ఈ లెక్కంతా వేసుకున్నాడో, ఉత్తగా భార్యను పిలుచుకొచ్చాడో నాకు తెలియదు. వేసుకున్నాడనే నా నమ్మకం.

రెండో పలకకు ఆవిడ కొంచెం ముందే చెయ్యి చాపింది. "ఇంక ఒకటి ఉన్నది, తొందరెందుకు?" అని ఆయన కసిరాడు. "నువ్వు లెక్క తప్పుతవని," అని ఆవిడ. మూడో పలకనుంచి ఇద్దరికీ తాళం కుదిరింది. ఐదో పలక వరకు వచ్చేసరికి పూజిత గూట్లోంచి తర్వాతి పలకను సరైన క్షణానికి అందిస్తోంది. ఏడో పలకకు ఆగమ్మ మూతిగుడ్డ లోపలినుంచే ఏదో కూనిరాగం తీయబోతే, తుంపర్లు పడతాయని పూజిత వేడుకుంది. ఎనిమిదో పలకకు "ఇయ్యి" అనకుండానే ఆయన ఇచ్చాడు.

"ఇగ నేర్చిండు. అరవై రెండేండ్లకు," అంది ఆగమ్మ.

ఆ సాయంత్రం జతలు మూశారు. పదిహేడో తేదీ మధ్యాహ్నం పూజిత ఒక్కో జతకూ కరెంటు ఇచ్చి చూసింది. మొదటి జత నాలుగు మూలలూ ఒక్కసారి లేచాయి. రెండోది, మూడోది. నాలుగోది అన్నిటికంటే మందం, దానికి లేవడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. లేచింది. ఎక్కడా గీత లేదు. పూజిత శివయ్యకు ఫోన్ చేసింది. అవతలినుంచి "నాకు తెలుసు బిడ్డా" అన్న మాట నాకూ వినపడింది.

పద్దెనిమిదిన కమిటీ వచ్చింది. నలుగురు. వాళ్ళలో పెద్దావిడ ఒక శాస్త్రవేత్త, జుట్టంతా తెల్లబడిన మనిషి, మాట తక్కువ. పూజిత ఒక పళ్ళెంలో ఎండు వడ్లు, ఇంకో పళ్ళెంలో నానబెట్టి పైతడి ఆరబెట్టిన వడ్లు పెట్టింది. పక్కపక్కన పెట్టినా రెండిటికీ తేడా కనపడదు. పెద్దావిడ రెండూ చేత్తో తీసి చూసింది. తరువాత మమ్మల్ని అందరినీ బయటికి పొమ్మంది. తలుపు వేసుకుంది. లోపల ఆవిడ తన ఇష్టం వచ్చినట్టు తడి వడ్లను ఎండు వడ్లలో పరుచుకుంది.

వరండాలో పూజిత గోడకు ఆనుకుని నిలబడింది. శివయ్య, ఆగమ్మ మెట్ల మీద కూచున్నారు. ఇద్దరినీ ఆ పిల్లే పట్టుపట్టి పిలిచింది. శివయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"భయమైతున్నదా బిడ్డా?" అని అడిగాడు.

"అయితలేదు కాకా."

"మరి కాళ్ళెందుకు గట్ల వణుకుతున్నయి?" అంది ఆగమ్మ.

"చలికి."

"జూన్ నెలల," అంది ఆగమ్మ. పూజిత నవ్వింది. తలుపు తెరుచుకుంది.

పళ్ళెం మీద కెమెరా, కెమెరా ముందు అగ్గిపెట్టెంత ఫిల్టర్, పక్కన గోడకు తెర. తెర మీద బూడిదరంగు వడ్లు, గింజ గింజా కనపడుతున్నాయి. అంతా ఒకే రంగు. పూజిత బొత్తాన్ని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పింది. వడ్ల మధ్య ఒకచోట నీడలాంటిది వాలింది. అది పొడుగైంది, వంగింది, నల్లబడింది. పళ్ళెం నడుమ ఏడు అంకె స్పష్టంగా నిలిచింది. ఎవరో సిరాతో రాసినట్టు. బొత్తాన్ని ఇంకా తిప్పితే అంకె మెల్లగా కరిగిపోయి మళ్ళీ ఉత్త వడ్లు. వెనక్కి తిప్పితే మళ్ళీ ఏడు.

పెద్దావిడ లేచి వచ్చి బొత్తాన్ని తానే తిప్పింది. వచ్చింది, పోయింది, వచ్చింది. నాలుగుసార్లు తిప్పింది. చిన్నపిల్ల దీపం స్విచ్చుతో ఆడుకున్నట్టు.

"రంగులు మార్చే చక్రం లేదా లోపల? కదిలేది ఏదీ లేదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదు మేడం. కరెంటు మాత్రమే," అంది పూజిత.

"మూలల దాకా ఇంత సమంగా ఉంది. ఏ యంత్రం మీద రుద్దారు?"

బాబురావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. "యంత్రం కాదు మేడం. పాతబస్తీలో నగల పెట్టెలు చేసే ఒక పనివారు, ఆయన భార్య. మా పరిశోధన పేపర్లో వాళ్ళ పేర్లు కూడా వేస్తున్నాం. ఇక్కడే ఉన్నారు," అని వెనక్కి తిరిగారు.

అందరమూ వెనక్కి తిరిగాం. తెర మీద ఏడు నల్లబడినప్పుడు శివయ్య తలుపు పక్కన నిలబడి ఉండడం నేను చూశాను. ఆగమ్మ మోచేతిని ఒకసారి తాకాడు. ఆవిడ తల ఊపింది. ఇప్పుడు తలుపు పక్కన ఎవరూ లేరు.

పూజిత వరండాలోకి పరుగెత్తింది. మెట్ల మీద లేరు. నీళ్ళ కూజా దగ్గర లేరు. నేను కిటికీ దగ్గరికి పోయి చూశాను. ఎండలో ఇద్దరూ గేటు దాటుతున్నారు. ఆవిడ ఏదో అంటోంది, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. వెనక్కి చూడలేదు. అఫ్జల్‌గంజ్ బస్సు వచ్చి ఆగింది. ఆగమ్మ ముందు ఎక్కింది, శివయ్య వెనక ఎక్కాడు. పూజిత గేటు చేరేసరికి బస్సు మలుపు తిరిగింది.